బెజవాడకు బాలి అడవి వచ్చింది

బెజవాడ చుట్టుపక్కల ఈమధ్య అడవులు తెగ పెరుగుతున్నాయి, హోర్డింగుల మీద. మామిడితోట కొట్టేసి, లారీల కొద్దీ మట్టి తోలి మెరక చేసి, సిమెంటు రోడ్లు పోసి, చివరికి ఆ వెంచరుకు వనమనో అరణ్యమనో పేరు పెడుతున్నారు. పోయినవాళ్ల పేరు మనవలకు పెట్టుకోవడం మనకు అలవాటే కదా.

లోపల అమ్మేది ‘ట్రాపికల్ ఫారెస్ట్ క్లైమేట్ రెస్పాన్సివ్ విల్లా’. బ్రోచర్లో దేవగన్నేరు చెట్లు, నీటి గుంట, అద్దాల గోడ. ఫొటో బాలిది. ఆ దీవి భూమధ్యరేఖకు 8 డిగ్రీల దక్షిణాన, చుట్టూ సముద్రంతో చల్లగా కూర్చుంది. అక్కడ పగటి వేడి 34 దాటడమే అరుదు. ఇక్కడ మే నెలలో 44 వచ్చినా పేపర్లో మొదటి పేజీకి ఎక్కదు.

ఇల్లు గీసేవాడు ముందుగా సూర్యుడి దినచర్య తెలుసుకోవాలి. బెజవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మిట్టమధ్యాహ్నం ఎండ నిట్టనిలువుగా నడినెత్తిన పడుతుంది. ఆ రెంటికీ మధ్య, జూన్‌లో, సూర్యుడు కాస్త ఉత్తరానికే వాలుతాడు. అంటే ఇక్కడ మొదటి శత్రువు శ్లాబు. రెండో శత్రువు పడమటి గోడ. మూడు దాటాక ఎండ ఏటవాలుగా వస్తుంది, కిటికీ మీది సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. ఆపాలంటే చెట్టుండాలి, తడికుండాలి, లేదా కిందికి దిగిన చూరుతో ఒక వసారా ఉండాలి.

మన విల్లాకు పడమర ఏముంది? నేల నుంచి శ్లాబు దాకా ఒకే అద్దం. దాని పేరు ‘సన్‌సెట్ వ్యూ’. అందుకు చదరపు అడుక్కి రేటు అదనం. మే నెల సాయంత్రం నాలుగింటికి ఆ వ్యూ సోఫా దాకా నడిచొస్తుంది. యజమాని పరుగున పోయి మందపాటి కర్టెన్లు కొనుక్కొస్తాడు. ఇక అస్తమయమూ లేదు, ఉదయమూ లేదు, లోపల ఎప్పుడూ ట్యూబ్‌లైటే. గదికో ఏసీ. ఆ ఏసీలు బయటికి ఊదే వేడి పక్కింటి పడగ్గది కిటికీకి. ప్రకృతితో మమేకం కావడమంటే ఇదే కాబోలు.

పోనీ, ఈ సంగతులు చెప్పేవాళ్లు లేరా? కేంద్ర ప్రభుత్వం 2018లోనే ‘ఎకో నివాస్ సంహిత’ అని ఇళ్లకో కోడ్ తెచ్చింది. మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో ఇంటి నేల వైశాల్యంలో 16.66 శాతం, అంటే ఆరోవంతు, కిటికీలూ తలుపులూ ఉండాలంది. అవి తెరుచుకోవాలని కూడా అంది. మన అద్దం తెరుచుకోదు. తెరుచుకుంటే దోమలొస్తాయట. అడవి కావాలిగానీ దోమ వద్దు.

సింహద్వారం ఈశాన్యానికి ఎన్ని డిగ్రీలు తిరగాలో తేల్చడానికి మాత్రం దిక్సూచి పట్టుకుని పంతులుగారు మూడుసార్లొస్తారు. వేసవిలో సాయంత్రం పైరగాలి ఎటునుంచి వీస్తుందని ఒక్కరూ అడగరు. దానికి దక్షిణ లేదు మరి.

అసలు అడవే కావాలంటే మనకు రెండున్నాయి. ఒకటి కొండపల్లి కొండల మీది అడవి, బొమ్మలకు తెల్లపొణికి కర్ర ఇచ్చేది. నీళ్లు చాలని ఎండాకాలంలో అది ఆకు రాల్చేసి మోడై నిలబడుతుంది. వాతావరణానికి తగ్గట్టు బతకడమంటే అది! విల్లావారు అదే మే నెలలో పచ్చిక కోసం బోర్లు తోడి, అవి ఎండితే ట్యాంకర్లు పిలుస్తారు. రెండోది కృష్ణ సముద్రంలో కలిసేచోట నాగాయలంక పక్కనున్న మడ అడవి. మోకాలిలోతు బురద, ఉప్పునీళ్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేర్లు. బ్రోచర్లో వేస్తే బుకింగులు రద్దవుతాయి.

ఇక మెరక సంగతి. డెల్టాలో నీరు అంగుళాల వాలు వెతుక్కుంటూ పోతుంది. మీరు నాలుగడుగులు ఎత్తు చేసుకుంటే మీ వాకిట్లోకి రావలసిన నీరు మాయమైపోదు, పల్లంలో ఉన్నవాడి మంచమెక్కుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి బెజవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్ల మధ్య పడవలు తిరిగాయి. వాతావరణానికి స్పందించే ఇల్లు అన్నవాళ్లెవరూ వానను వాతావరణంలో కలిపినట్టు లేరు.

దీనికి విరుగుడుగా మరో బ్యాచ్ బయల్దేరింది: ‘తాతలనాటి మండువా లోగిలి’ వాళ్లు. పెంకులు, స్తంభాలు, అరుగు, మధ్యలో వాన పడే చోట గాజుకప్పు, కింద సెంట్రల్ ఏసీ. తాతలు చల్లగా బతికారని వీళ్ల నమ్మకం. తాతలు వేసవి రాత్రులు వాకిట్లో నులకమంచాల మీద పడుకున్నారు. పైగా మండువా ఉన్నది మాగాణి ఉన్నవాళ్లకే. మిగతావాళ్లవి తాటాకు ఇళ్లు. చల్లటివే, కానీ ఒక్క నిప్పురవ్వకు వాడంతా పోయేది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనకు ఏ తాటాకూ అడ్డు నిలవలేదు.

ఆ ఇళ్ల నుంచి తీసుకోవలసినవి ఉన్నాయి. చవకవి: కిందికి దిగిన చూరు, ఎదురెదురు కిటికీలు, పడమర ఒక వేపచెట్టు. వాటికి తోడు శ్లాబు మీద తెల్లసున్నం. సున్నం ఎండను తిరగ్గొడుతుంది. తెలంగాణ 2023లో దీనికో కూల్ రూఫ్ పాలసీయే చేసింది. రేకుల షెడ్లలో ఉడికిపోయేవాళ్లకు ఇవన్నీ ముందు అందాలి. కానీ సున్నం బస్తాకు హోర్డింగు ఎవరు కడతారు?

ఈ విల్లాలు చూపించే మేనేజర్లు సైట్ విజిట్‌కు ఉదయం ఏడున్నరకే రమ్మంటారు, అదీ డిసెంబరులో. మే 20న మధ్యాహ్నం మూడున్నరకు వస్తామనండి. మోడల్ హౌస్‌లో ఏసీ కట్టేయించి ఓ పావుగంట కూర్చోబెట్టమనండి. ఆయన మిమ్మల్ని జాలిగా చూసి, “అలాంటి భయమేం పెట్టుకోకండి సార్, ఇది ఫారెస్ట్ లివింగ్. ఇక్కడ ఏసీ ఆగే ప్రసక్తే లేదు, వంద శాతం జనరేటర్ బ్యాకప్ ఉంది” అంటాడు.