దిల్‌సుఖ్‌నగర్ డిజైన్ మాస్టార్లకు బ్రీఫ్ రాసే సులువులు

ప్రాజెక్టు బ్రీఫ్ అనగానే కంగారు పడకండి సార్. ఒక్క వాక్యం చాలు: ‘ఆధునికంగా, వినూత్నంగా, అందరికీ నచ్చేలా ఒక లోగో చెయ్యండి.’ ఎవరికి, ఎందుకు, ఎంత ఖర్చులో అన్నవి రాశారో, పిల్లలు ఆలోచనలో పడతారు. ఆలోచించినవాడు ప్రశ్నలడుగుతాడు. బయట మెట్ల మీద తర్వాతి బ్యాచ్ నిలబడి ఉండగా మనకంత తీరికెక్కడిది?

క్లయింటు దూరంగా ఉంటే మంచిది. పారిస్‌లో కాఫీ షాపు శ్రేష్ఠం. అక్కడేం లోటుందో చైతన్యపురి హాస్టల్ కుర్రాడికీ తెలీదు, మీకూ తెలీదు. మార్కుల దగ్గర పేచీ ఉండదు.

పొరపాటున కూడా ఎవర్నీ ఎల్బీ నగర్ చౌరస్తాకి పంపకండి. అక్కడ నిజమైన పని దొరుకుతుంది. మెట్రో చివరి స్టేషన్లో దిగిన పెద్దమ్మ రెండు చేతులా సంచులతో ‘సూర్యాపేట బస్సు ఏడ ఆగుతది బిడ్డా?’ అని అడుగుతుంది. ఒకడు విజయవాడ రోడ్డు చూపిస్తాడు, ఇంకొకడు సాగర్ రోడ్డు. చదువు రానివాళ్లకీ అర్థమయ్యేలా, రాత్రిపూట కూడా కనబడేలా, సంచి కింద పెట్టకుండానే దారి తెలిసేలా ఏదైనా చెయ్యమన్నారనుకోండి, అది అచ్చమైన బ్రీఫ్ అయిపోతుంది! కుర్రాడు సాయంత్రమంతా అక్కడే నిలబడి, తిరిగొచ్చి, ‘సార్, బోర్డుతో పనవ్వదు, బస్సు ఆగే చోటే మార్చాలి’ అంటాడు. దానికి మార్కులెలా వేస్తారు?

డిజైన్ చరిత్ర చెప్పాల్సి వస్తే, అమెరికా డిజైనర్లు ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికిచ్చిన నివేదిక వల్లే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ వచ్చిందని చెప్పి, వెంటనే స్లైడు మార్చేయండి. లోపలికి వెళ్లొద్దు. అందులో మన చెంబు గురించి పెద్ద ప్రశ్నల చిట్టా ఉంది. ఎన్ని నీళ్లు పట్టాలి, మోసే చెయ్యి ఆడవాళ్లదా మగవాళ్లదా, తల మీదా నడుం మీదా, ఎలా తోమాలి, ఖరీదెంత, చివరికి రాతి మీద పెడితే ఏం చప్పుడొస్తుంది అని కూడా. చెంబుకే ఇన్ని అడిగినవాళ్లు మీ లోగోని ఊరికే వదులుతారా?

సైజు, ఫైలు రకం, ప్రింటుకా ఫోనుకా అన్న వివరాలు పని చేతికొచ్చాకే చెప్పండి. రంగులు ప్రింటుకి కావాల్సిన సీఎంవైకేలో లేవని తిట్టడానికి అప్పుడే వీలు. అన్నిటికీ పనికొచ్చే మాట ఒకటుంది: ‘ఇంకొంచెం పాప్ అవ్వాలి.’

కోర్సు సర్టిఫికెట్ విషయంలో మాత్రం ఈ సూత్రాలేవీ పాటించొద్దు. కాగితం మందం, అంచు రంగు, బంగారు ముద్ర ఏ మూలన, లామినేషన్ నిగనిగలాడాలా వద్దా, ఎన్ని కాపీలు, ఏ రోజుకి, ఎంతకి... ప్రెస్సువాడికి ఒక్కటీ వదలకుండా రాసివ్వండి.