కుందేలు బొమ్మ కార్డును నేను

మదనపల్లె దగ్గర, కురబలకోట మండలంలో, రిషి వ్యాలీ చుట్టుపక్కల పల్లెబడుల కోసం తయారైన గట్టి అట్టను నేను. నా మీద నాలుగు తెలుగు మాటలు, మూలన ఒక కుందేలు బొమ్మ. నేను పుట్టినప్పుడు మాది చిత్తూరు జిల్లా.

నాకు రూపమిచ్చింది పద్మనాభరావు, రమ దంపతులు. 1926లో మొదలైన రిషి వ్యాలీ విద్యాలయానికి వాళ్లు 1980ల్లో వచ్చి, చుట్టూ ఉన్న పల్లెపిల్లల చదువుకే అంకితమైపోయారు. ఆ బడుల్లో ఒకటే గది, ఒకరే టీచరు, అయిదు తరగతులు. మూడో తరగతికి లెక్క చెబుతుంటే ఒకటో తరగతి వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. చెనిక్కాయలు పెరికే కాలమొస్తే సగం మంది చేలల్లోనే. తిరిగొచ్చేసరికి పాఠం ఎంతో ముందుకు పోయుంటుంది. అట్లా వెనకబడిన పిల్లోళ్లే మెల్లగా బడి మానేసేది.

ఆ దంపతులు పాఠాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టారు. మెట్టుకు కొన్ని కార్డులు: కొత్తది నేర్పేవి, సాధన చేయించేవి, వచ్చిందో లేదో చూసేవి, తడబడితే మళ్లీ నేర్పేవి. ఏ కార్డు తర్వాత ఏదో చెప్పడానికి గోడ మీద బొమ్మల నిచ్చెన.

ఒక పాప నాకు బాగా గుర్తు. చెనిక్కాయల పని ముగిసి, చాలా రోజులకు బడికొచ్చి గడప దగ్గరే నిలబడిపోయింది. గోళ్లలో ఇంకా ఎర్రమట్టి. టీచరు కోప్పడలేదు. "నువ్వు యాడ నిలిపినావో చూసుకో, అమ్మణ్ణీ" అన్నాడు. పాప నిచ్చెన మీద వేలు పెట్టి మెట్టు మెట్టూ దిగింది, కుందేలు దగ్గర ఆగింది. నన్ను తీసుకుని, పిల్లల ఎత్తుకు గోడ కింది భాగంలో వేసిన నల్లబల్ల ముందు కూర్చుంది. ఒక మాట దగ్గర ఆగితే పక్కనున్న నాలుగో తరగతి అబ్బాయి చదివి చూపించాడు. సాయంత్రానికి తర్వాతి కార్డు ఆమె చేతిలో ఉంది. ఆ రోజు నాకు పండగ.

చదువు గదిలోనే ఆగిపోలేదు. మెట్రిక్ మేళా పేరుతో పిల్లలు ఊళ్లోవాళ్లను పిలిచి ఎత్తు కొలిచేవాళ్లు, బరువు తూచేవాళ్లు, అంగడి పెట్టి చిల్లర లెక్కలు చెప్పేవాళ్లు. ఏ పరీక్షా చూపలేని తెలివి అక్కడ కనబడేది.

మా పద్ధతి కర్ణాటకలో నలి-కలిగా, 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లో కృత్యాధార బోధనగా పాకింది. ఆ తర్వాత తమిళనాడు అంతటికీ చేరింది.

ఇప్పుడు మన ప్రాథమిక బడులకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. రావాల్సిందే, నాకు సంతోషమే. కానీ టీవీలో పాఠం గదిలో అందరికీ ఒకేసారి నడుస్తుంది. అయివార్లూ, మీట నొక్కేముందు, నిన్న రాని పిల్ల ఎక్కడ ఆగిందో ఒక్కసారి అడగండి.