నా పళ్లు అరగలేదు, పూడుకుపోయాయి

నన్ను కటర్ అంటారు, బర్ అంటారు. పాత లేత్ మేస్త్రీలైతే విడియా అంటారు. చిటికెన వేలి చివరంత తల, దానికింద 6 మిల్లీమీటర్ల ఉక్కు కాడ. అంతే నా ఒళ్లు. తల టంగ్‌స్టన్ కార్బైడ్‌ది. ఆ పొడిని కోబాల్ట్‌తో కలిపి, అచ్చులో అదిమి, కొలిమిలో కాల్చి గట్టిపరుస్తారు. 1923లో జర్మనీలో, ఓస్రామ్ అనే బల్బుల కంపెనీలో కార్ల్ ష్రోటర్ మా జాతికి ప్రాణం పోశాడు. బల్బులోని సన్నతీగను లాగే వజ్రపు అచ్చులు మరీ ఖరీదు కావడంతో వాటికి బదులు కనిపెట్టిన సరుకు మేం. అంత గొప్ప వంశంలో పుట్టి నేను వచ్చి పడింది ఉయ్యూరులో, బందరు రోడ్డు పక్కన ఒక ఆర్గాన్ వెల్డింగ్ షెడ్డులో.

ఆ షెడ్డుకు వచ్చేవి పగిలిన అల్యూమినియం సామాన్లు. బండి ఇంజన్ కవర్లు, కారు గేర్‌బాక్సు పెంకులు. పగులు మీద నేరుగా వెల్డింగ్ పెడితే పైపైన అతుక్కుని నాలుగు రోజులకే విడిపోతుంది. అందుకని ముందు పగులు వెంట లోతుగా కాలవ తీయాలి. ఆ తోడుడు నాది. నిమిషానికి 25,000 చుట్లు తిరిగే గ్రైండర్‌లో నన్ను బిగిస్తారు.

ఇనుము మీద పెట్టండి, రజను ఎలా రాలుతుందో చూడండి! అల్యూమినియం దగ్గరే నా ఆటలు సాగవు. అది మెత్తన, వేడెక్కితే జిగట. నా పళ్లేమో అడ్డంగా, నిలువుగా సన్నగా కోసినవి, ఉక్కు కోసం చేసినవి. చెరకు తిన్నవాడి పళ్ల సందుల్లో పిప్పి ఇరుక్కున్నట్టు ఆ లోహం నాలో కూరుకుపోయింది. అల్యూమినియానికి సందులు వెడల్పుగా ఉండే కటర్లు వేరే ఉన్నాయి. కానీ ‘అన్నిటికీ ఇదే పనికొస్తుంది’ అని నన్నే కొన్నారు. ఇక కోత లేదు, రుద్దుడే. గ్రైండర్ చేతిలో అదిరిపోతోంది, సామాను కాలిపోతోంది.

పని నేర్చుకునే కుర్రాడు హాక్సా బ్లేడు ముక్కతో గీకాడు. రాలేదు. గ్యాస్ టార్చ్ వెలిగించాడు. అప్పుడే షుగర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన పెద్దాయన అడ్డుపడ్డాడు.

“ఆగరా! కాల్చావంటే తలే ఊడుద్ది.”

“మరేం చెయ్యమంటారు బాబాయ్ గారూ? మేస్త్రీ గారు కొత్తది తెచ్చుకోమన్నారు.”

“మిల్లులో రసం కాచే గొట్టాలకి పెచ్చు కడితే గొట్టాలు పారేస్తామా? కాస్టిక్ మరిగించి వదలగొడతాం. దీనికీ అదే మందు.”

రెండు మాటలూ నిజమే. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. నా తలను కాడకు అతికించిన వెండి బ్రేజింగ్ కూడా ఇంచుమించు ఆ వేడికే వదిలేస్తుంది. కాస్టిక్ సోడా సంగతి వేరు. అది అల్యూమినియాన్ని తినేస్తుంది, నన్నూ నా ఉక్కు కాడనూ ముట్టదు. కె.సి.పి. వారి చక్కెర మిల్లు ఉన్న ఊళ్లో ఈ విద్య తెలిసినవాళ్లకు కరువా?

పెద్దాయన గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టించి, షెడ్డు బయట ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోయించాడు. నీళ్లలోకే సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె వాడితే నాకంటే ముందు గిన్నే కరిగిపోతుంది. నన్ను దించగానే బుసబుసా నురగ. ఆ బుడగలు హైడ్రోజన్, అందుకే దగ్గర బీడీ కూడా ముట్టించనివ్వలేదు. నురగ ఆగాక నా ఒంటి మీద నల్లటి మడ్డి మిగిలింది. పోత అల్యూమినియంలో కలిపే సిలికాన్ లాంటివి కరగవు మరి. ఇత్తడి బ్రష్షుతో తోమి, నీళ్లతో కడిగి, ఆరబెట్టి, కాడకు ఆయిల్ రాశారు. మడ్డి పోయాక చూస్తే పళ్లన్నీ పదునుగానే ఉన్నాయి!

బాత్రూమ్ యాసిడ్ పోద్దామని కుర్రాడు అన్నాడు కూడా. దేవుడి దయ, పోయలేదు. యాసిడ్ నా కాడను తుప్పు పట్టిస్తుంది, నా రేణువుల్ని పట్టి ఉంచే కోబాల్ట్‌నీ తినేస్తుంది.

కాస్టిక్ స్నానం అన్ని జబ్బులకూ మందు కాదు. ఇనుము అతుక్కున్నా, పన్ను విరిగినా దానివల్ల ఒరిగేదేమీ లేదు. అసలు స్నానమే అవసరం పడకుండా చూసుకోవచ్చు. తిరిగే నన్ను మధ్యమధ్య మైనం ముక్కకు తాకిస్తే అల్యూమినియం అంత తొందరగా అంటుకోదు. ఇప్పుడు మా షెడ్డులో గ్రైండర్ పక్కనే ఒక కొవ్వొత్తి ఉంటోంది.

ఎప్పుడో ఒకప్పుడు నా పళ్లు నిజంగానే అరుగుతాయి. అప్పుడు దయచేసి ఇనుప తుక్కులో కలిపేయకండి. కార్బైడ్ తుక్కును విడిగా, ఇనుముకన్నా ఎక్కువ ధరకు కొనేవాళ్లున్నారు. అమ్మేటప్పుడు అడగండి.