పలుకుబడి పరిశ్రమ

పలుకుబడికి కొలపాత్ర లేదని మన పూర్వులు పొరబడిరి. ఊరిలో తగవు పుట్టినప్పుడు ఎవ్వని మాటకు ఇరుపక్షములవారును తలయొగ్గుదురో, ఎవ్వడు అరుగుమీదికి వచ్చి కూర్చుండినంతనే వీథిలోని రచ్చ తనంతట తానే సద్దుమణగునో, అట్టివానికి పలుకుబడి కలదని వారు చెప్పుకొనిరే కాని, అది ఎన్ని వీసెలున్నది, ఎన్ని గజములున్నది అని అడిగినవాడు లేడు. ఈ లోపమును యూట్యూబు సంస్థవారు 2018వ సంవత్సరమున తీర్చిరి. 1,000 మంది సబ్‌స్క్రైబర్లును, గడచిన 12 నెలలలో 4,000 గంటల వీక్షణమును చూపగలవానికే ప్రకటనల రాబడిలో వాటా ఇత్తుమని వారు శాసించిరి. అంతటి ఓపిక లేనివారి సౌకర్యార్థము, 90 దినములలో కోటి మారులు చూడబడిన పొట్టి వీడియోలున్నను చాలునని పిమ్మట ఒక అడ్డదారియు తెరచిరి. 4,000 గంటలనగా 166 అహోరాత్రములును, ఆపైన 16 గంటలును. పరుల ఆయుర్దాయమునుండి అంత భాగమును గైకొన్నవాడు పలుకుబడి కలవాడు. అంతకు తక్కువైనవాడు ఇంకను ఉమేదువారు. ఇంతకుమున్ను పరుల ఆయుష్షునకు ఇంత నిక్కచ్చిగా పద్దు వ్రాసినవాడు చిత్రగుప్తుడొక్కడే. అతడును ఆ పద్దుల నడుమ ప్రకటనలు వేసికొనలేదు.

మా వీథిలో ఇంజనీరింగు ముగించిన యువకుడొకడు ఈ పరిశ్రమలో ప్రవేశింప నిశ్చయించి, పెద్దవాడనని నాతో ఒకమాట చెప్పిపోవ వచ్చెను.

"ఇన్‌ఫ్లుయెన్సర్ అవుదామనుకుంటున్నా బాబాయిగారూ."

"సంతోషం నాయనా. ఏ విషయంలో?"

"అది ఇంకా అనుకోలేదండీ. ముందు ఫాలోవర్లు రావాలి. వచ్చాక ఏం చెయ్యమంటారో కామెంట్లలో వాళ్లే పెడతారు."

"వాళ్లు అడిగిందే నువ్వు చేస్తే, ఎవరి ప్రభావం ఎవరి మీద ఉన్నట్టు?"

"దాన్నే ఎంగేజ్‌మెంట్ అంటారండీ," అని, నా అజ్ఞానమును పెద్దమనసుతో క్షమించి, ఆ బాలుడు వెడలిపోయెను.

అతని మాటలో శాస్త్రవిరుద్ధమైనది ఏదియు లేదని నాకు పిమ్మట బోధపడినది. చెప్పవలసిన మాట ముందు పుట్టి, అది వినువారిని వెదకికొనుచు పోవుట పాతకాలపు పద్ధతి. ఇప్పుడు వినువారు ముందు సమకూడుదురు. మాట కొరకు తీరికగా వెదకికొనవచ్చును. అది దొరకనిచో ఇంటిలోనే తయారు చేసికొనవచ్చును. ఇంటిలో దొరకు ముడిసరుకు ఏదియో తెలిసికొనుటకు పాశ్చాత్య గ్రంథములను తిరుగవేయ నక్కరలేదు. మన నీతికోవిదులే తొమ్మిది వస్తువులను గోప్యముగా ఉంచవలెనని విధించి, అనుకోకుండనే ఈ పరిశ్రమకు సమగ్రమైన సరుకుల పట్టికను ప్రసాదించి పోయిరి: ఆయువు, విత్తము, గృహచ్ఛిద్రము, మంత్రము, ఔషధము, సంగమము, దానము, మానము, అవమానము. ఈ నవగోప్యములలో వీడియో కానిది నేడు ఒక్కటియు లేదు.

ఆయువు జన్మదిన వ్లాగగును. అర్ధరాత్రము 12 గంటలకు భర్త తలుపు తెరువగా, భార్య "సర్‌ప్రైజ్" అని కేకవేయును, అతడు నిశ్చేష్టుడగును, ఆ నిశ్చేష్టత వెలుతురు చాలక సరిగా పడకపోవుటచే మరల బయటికి పోయి, తలుపు తెరచి, రెండవమారు ఇంకను గాఢముగా నిశ్చేష్టుడగును. విత్తమునకు "మా యూట్యూబ్ ఆదాయం ఎంతో చెప్పేస్తున్నాం" అను వీడియో కలదు. అది ఆద్యంతము ధైర్యముగా నడచి, ఎంతో చెప్పకుండగనే ముగియును. గృహచ్ఛిద్రము అత్తాకోడండ్ర కలహరూపమున సోమవారమునాడు వెలువడి లోకమును కలతపెట్టి, మంగళవారమునాడు అది ప్రాంకని తేలి లోకమును ఊరడించి, రెండు దినములకును వేఱువేఱుగా రాబడి తెచ్చును. మంత్రము శుక్రవారపు సాయంకాలము 21 మారులు జపింపవలసినదై వచ్చును. ఔషధము ఒకానొక ఆకు కషాయమై, మధుమేహమును మూడు దినములలో నిర్మూలింతునని ప్రతిజ్ఞ చేయును; ఇంటర్న్‌షిప్పుతో కూడ ఐదున్నర సంవత్సరములు ఎం.బి.బి.ఎస్. చదివినవాడు ఇట్టి ప్రతిజ్ఞ చేయుటకు జంకును. చదువు అధైర్యమునకు హేతువని దీనివలన తేలుచున్నది. సంగమము నిశ్చితార్థముతో మొదలై, శ్రీమంతము మీదుగా ప్రసూతి గది ద్వారము వఱకు సాగును. శిశువునకు బారసాల జరుగుటకు ముందే ఇన్‌స్టాగ్రాములో ఖాతా వెలయును. దానమున బిర్యానీ పొట్లము చేతులు మారుటకు ముందు "కొంచెం ఇటు తిరగండి పెద్దాయనా" అను మాట తప్పక వినవచ్చును. కుడిచేయి ఇచ్చునది ఎడమచేతికి తెలియరాదన్న పెద్దలకు ఎడమచేతిలో ఫోను ఉండునని తోచలేదు. మానము లక్షమంది సబ్‌స్క్రైబర్లైనప్పుడు వెండి బటనుగను, పది లక్షలైనప్పుడు బంగారు బటనుగను ఇంటికి వచ్చి, గుమ్మములో హారతి పుచ్చుకొనును. ఇక అవమానము వీనియన్నింటికంటెను ఉత్తమమైన సరుకు. ట్రోలింగునకు గురియైనవాడు కన్నీరు కార్చుచు చేసిన వీడియోకు, అతడు నవ్వుచు చేసిన నూఱు వీడియోలకును రాని వీక్షణములు వచ్చును. అందుచే ఆ గాయము మానుట అతనికిని ఇష్టముండదు.

ఇంత శ్రమపడి లక్షలమందిని తన వెంట త్రిప్పుకొనువాడు స్వతంత్రుడని తలంతుమా, అదియు లేదు. శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టును ఓడించి కనకాభిషేకము పొందెనని విందుము. ఆ మహాకవికి తానెవ్వరిని మెప్పింపవలెనో తెలియును, ఆ ప్రభువు ముఖమున ప్రసన్నతయో అప్రసన్నతయో ఎదుటనే కనబడును. నేటి ప్రభావశీలి సేవించు ఆల్గారిథమునకు ముఖము లేదు. అది నిన్న కరుణించినది నేడేల కరుణింపదో చెప్పదు, విన్నపము వినదు, దండించినప్పుడు దండించితినని తెలుపదు. "రీచ్ పడిపోయింది" అను విషాదవాక్యముతో అతడు మేల్కొనును. సాయంకాలము ఆఱు గంటలకు ఎక్కింపవలెనో, ఏడు గంటలకు ఎక్కింపవలెనో అని వర్జ్యము చూచువానికంటె ఎక్కువగా తర్కించును. మొదటి మూడు సెకండ్లలో చూపరి వ్రేలు ఆగవలెనని తన వాక్యమును నఱకి, థంబ్‌నెయిలుపై తన నోరు తానే తెరచి, దాని ప్రక్కన ఎఱ్ఱబాణమును నాటుకొనును. 2020 జూన్ 29వ తేదీన కేంద్రప్రభుత్వము టిక్‌టాక్‌తో కూడ 59 యాపులను నిషేధించినప్పుడు, తెల్లవారుసరికి మన పల్లెలలోను పట్టణములలోను ఎందఱెందఱో చక్రవర్తులు రాజ్యభ్రష్టులైరి. జూలైలో ఇన్‌స్టాగ్రామువారు మన దేశమున రీళ్లను తెరవగా, వారందఱును మూటాముల్లె సర్దుకొని క్రొత్త ప్రభువు కొలువునకు పరుగిడిరి. రాజ్యము కౌలుభూమియని వారికి ఆనాడు తెలియవలసినది. తెలిసినను, దానిపై ఒక వీడియో చేసి ఊరకుండిరి.

ఈ పలుకుబడికి ఇంకొక విచిత్రగుణము కలదు: అది చూచువానినిబట్టి సాగును, కుంచించుకొనును. సరుకుల కంపెనీవాడు బేరమునకు వచ్చినప్పుడు, "నా మాట ఐదు లక్షల కుటుంబాలు వింటాయి సార్" అని అది ఆకాశమంటును. ఆదాయపు పన్నువారు కనబడినప్పుడు, అది వట్టి సరదాకు చేసిన పనియై నడుమునకు దిగును. పోలీసులు పిలిచినప్పుడు, "నేను చెప్తే ఎవరు వింటారు సార్" అని నేలను కఱచికొనును. తెలంగాణములో 2017లోనే చట్టసవరణచే ఆన్‌లైను జూదము నిషిద్ధమైయుండగా, బెట్టింగు యాపులకు ప్రచారము చేసిరని 2025 మార్చిలో పంజగుట్ట, మియాపూరు ఠాణాలలో సినిమా తారలమీదను, ఇన్‌ఫ్లుయెన్సర్లమీదను కేసులు నమోదయ్యెను. ఆ కేసులలోని దోషాదోషములను న్యాయస్థానములు తేల్చును. నాకు అబ్బురమనిపించినది వేఱొకటి. ఆ ప్రచారమునకు ఎదురుగా అందఱికంటె గట్టిగా గొంతెత్తినవారు అప్పటి ఆర్టీసీ ఎం.డి. సజ్జనార్ గారు. జనమును చెప్పినచోట దింపు విద్య తెలిసినవారు బస్సులవారే కనుక, అది ఒకవిధముగ సమంజసమే. ఆ యేడు ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసి, డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను, వాని ప్రకటనలను దేశమంతటను నిషేధించెను.

ప్రభుత్వము అంతకుముందును ఊరకుండలేదు. ఏ వస్తువునైనను పొగడునప్పుడు డబ్బు గాని, కానుక గాని పుచ్చుకొన్నయెడల ఆ సంగతి స్పష్టముగ చెప్పవలెననియు, ఏ భాషలో పొగడిరో ఆ భాషలోనే చెప్పవలెననియు, హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపివేయరాదనియు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకములు వెలువరించెను. మోసపుచ్చు ప్రకటనకు మొదటిమారు 10 లక్షల రూపాయల వఱకును, మరల చేసినచో 50 లక్షల వఱకును జరిమానా వేయుటకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వీలు కల్పించినది. 2022 జూలైనుండి, కంపెనీలవారిచ్చు కానుకల విలువ సంవత్సరమునకు 20,000 రూపాయలు దాటినచో పన్ను కోతయు వచ్చినది. పొగడుటకై ఇచ్చిన ఫోనును తిరిగి ఇచ్చివేసినవానికి ఆ బాధ లేదట. ఇట్టివాడెవడైన ఉన్నచో అతనిని దర్శింప నాకు కుతూహలముగ నున్నది. సత్యసంధతకు గుర్తుగ ఒకప్పుడు ఏరికోరి ఇచ్చుచుండిన నీలిగుర్తును సయితము మెటావారు 2023 జూన్‌లో నెలకు 699 రూపాయలకు మన దేశమున అమ్మకమునకు పెట్టిరి. యోగ్యత ఇంత చౌకగా నెలవారీ వాయిదాలపై దొరకిన కాలము ఇదివఱకు లేదు.

ప్రకటనయు పలుకుబడియు ఒకచోట ఇముడనేరవని నా వాదము కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించి, సంగీతసభలలో దానిని ఉచితముగ పంచిపెట్టి ప్రచారము చేసికొని, ఆ లాభముతో 1908లో అక్కడనే ఆంధ్రపత్రికను నెలకొల్పిరి. ఆయన మందును మందని అమ్మిరి, అభిప్రాయమును అభిప్రాయమని అచ్చువేసిరి. తలనొప్పిని తగ్గించి, వచ్చిన డబ్బుతో పత్రిక నడపుట ఆనాటి క్రమము; మొదట తలనొప్పి నిచ్చి, వెనువెంట లింకు నిచ్చుట ఈనాటి క్రమము. ఈనాటి తెరమీదను సరుకు లేకపోలేదు. నూఱేండ్లు దాటినదని చెప్పబడిన గుంటూరు సీమ మస్తానమ్మ 2018లో కన్నుమూయువఱకు పొయ్యిముందు కూర్చుండి వంట చేసినదే కాని, కెమెరాను బ్రతిమాలలేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ తన ఊరి మాటను ఊరి మాటగనే పలికినది. వారి వెనుక ఛానలు నడపు చేతులు వేఱుగ ఉన్నవి, లెక్కలును ఉన్నవి. అయినను కెమెరా రాకముందును ఆమెకు వంట వచ్చును, ఈమెకు మాట వచ్చును. పరిశ్రమలోని తక్కినవారు ఈ సంగతిని గమనించి, గంగవ్వ మాటతీరును అనుకరించుచు వీడియోలు చేయుచున్నారు.

కావున ఏలినవారికి నాది చిన్న మనవి. అంగడివాని తూనికరాళ్లను పరీక్షించి ముద్రవేయుటకు తూనికలు కొలతల శాఖ కలదు. ఆ శాఖకే ఈ పరిశ్రమను కూడ అప్పగింపుడు. ప్రతి ప్రభావశీలియు తన పలుకుబడి ఎంతో ఏటేట ఒక్క అంకెలో ప్రకటింపవలెను. కంపెనీకి చూపిన అంకెయే పన్నువారికిని, పన్నువారికి చూపిన అంకెయే పోలీసులకును చెల్లవలెను. దానితోపాటు, న్యాయము ఏకపక్షము కాకుండ, ప్రతి సబ్‌స్క్రైబరును తానా సంవత్సరమున ధారపోసిన గంటలకు బదులుగ నేర్చినదేమో, మానినదేమో, కొని మూలపడవేసినదేమో ఒక కాగితముపై వ్రాసి సంతకము చేయవలెను. ఈ బిల్లు వచ్చినచో ప్రభావశీలురు ధర్నాకు దిగుదురని కొందఱు మిత్రులు నన్ను హెచ్చరించుచున్నారు. దిగుదురు గాక; వారు రెండవ వరుసలో కూర్చుందురు. రెండవ షరతును చదివిన పిమ్మట, మొదటి వరుసలో మనకే చోటు చాలదు.