‘ఇల్ ఫో క జాయ్ ఆ తుని’: సటీకా తాత్పర్యం

మూలం: ఇల్ ఫో క జాయ్ ఆ తుని.

అవతారిక: ఈ ఫ్రెంచి వాక్యం తాండవ వంతెన మీద పుట్టింది. పాయకరావుపేట గట్టున మొదలై, నడుమ రెండుసార్లు తప్పి, తుని గట్టున పూర్తయింది. వక్త మా మేనల్లుడు. ఫ్రెంచి బాగా వచ్చినవాళ్ళకి కెనడా 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో విడిగా పిలుపులు పంపుతోంది. చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం నాలుగింట్లోనూ ఏడో మెట్టు అందుకోవాలి. ఇంగ్లీషు పరీక్ష రాసి, పాయింట్లు చాలక ఇంట్లో కూర్చున్న మన ఇంజినీర్లు ఇప్పుడు ఫ్రెంచి పట్టారు. మావాడికి రాత్రి ఆన్‌లైన్‌లో క్లాసు, పొద్దున్న నాకు అప్పజెప్పడం. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఈ వాక్యం వినగానే టీకా రాయబుద్ధేసింది. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్న మల్లినాథసూరి మన మెదక్ వైపు మనిషే. నాకు అలాంటి ఒట్లేమీ లేవు.

ప్రతిపదార్థం: ఇల్ = అది; నిజానికి ఏదీ కాదు. వాన కురుస్తోందనడానికి కూడా ఫ్రెంచివాడికి ఈ ‘ఇల్’ ఉండి తీరాలి. పెళ్ళిపందిట్లో పని చెయ్యని పెద్దమనిషి లాంటి కర్త. ఫో = ఆవశ్యకము. (మొదటిరోజు వంటింట్లోంచి మా చెల్లెలు “ఇల్లు పోయిందా? ఎవరిదన్నయ్యా?” అంటూ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.) క = అని. మనకి వాక్యం చివర వచ్చే ‘అని’ వాళ్ళకి నడుమే వస్తుంది. జ = నేను. ఆయ్ = వెళ్ళుట. ‘జ’లోని అచ్చు ‘ఆయ్’ ముందు లోపించగా ‘జాయ్’ అయింది. మన ఉత్వసంధికి దూరపు చుట్టం. ఆ = కు. తుని = తునియే.

తాత్పర్యం: నేను తుని వెళ్ళాలి.

పాఠాంతరం: ‘ఇల్ ఫో క జ వే’ అని వంతెన మొదట్లో ఒక పాఠం వినబడింది. అది అపపాఠం. ‘జ వే’ అంటే వెళ్తున్నాను. కాలు కదిలినవాడి మాట. ‘ఇల్ ఫో క’ తరవాత ఇంకా కదలని కాలే రావాలి. దానికి ఫ్రెంచివాళ్ళు వేరే రూపం పెట్టుకున్నారు, దాని పేరు సబ్జంక్టివ్. ‘వే’ పోయి ‘ఆయ్’ వస్తుంది. క్రియ ఒకటే, చుట్టరికం మాత్రం కనబడదు.

వంతెన నడుమ ఇంకో పాఠం: ‘ఇల్ ఫో ఆలే’. ఇది తప్పు కాదు, తప్పించుకోవడం. ‘వెళ్ళవలసి ఉంది’ అని కర్తని మింగేస్తే సబ్జంక్టివ్ జోలికే పోనక్కర్లేదు. ‘జ ద్వా ఆలే’ అన్నా అంతే. క్లాసులో సగం మంది ఈ అడ్డదారినే పడుతున్నారని మావాడి పంతులమ్మ కనిపెట్టేసిందట. పరీక్షలో మాట్లాడే భాగం పదిహేను నిమిషాలు. అందులో పది నిమిషాలు ఒక స్నేహితుణ్ణి దేనికో ఒప్పించాలి. నువ్వు రావాలి, నువ్వు చూడాలి, నువ్వు వింటే బావుణ్ణు అనకుండా ఎవణ్ణి ఒప్పిస్తాం? అక్కడ అడ్డదారి మూసుకుపోతుంది.

శ్లేష: ‘ఆయ్’ దగ్గర కాస్త ఆగుదాం. వంతెనకి ఇవతల మా పాయకరావుపేట, అనకాపల్లి జిల్లా. అవతల కాకినాడ జిల్లా, 2022 దాకా తూర్పుగోదావరి. గోదావరి వాళ్ళ మర్యాద అంతా ‘ఆయ్’ అన్న ఒక్క మాటలో ఉంటుంది. అంచేత తుని వెళ్ళాలనుకునేవాడు ‘వే’ని వంతెన మీదే వదిలేసి ‘ఆయ్’ అంటూ దిగడం స్థలౌచిత్యం. ఇది ఫ్రాన్సులో పుట్టినవాడికి స్ఫురించే విశేషం కాదు.

శంక: “మావయ్యా, ఇది మన భాషలో లేదు. అందుకే బుర్రకెక్కట్లేదు.”

సమాధానం: మీ అమ్మ పొద్దున్నించి మాట్లాడింది అదే కదరా. “వాన వస్తుందేమో, గొడుగు పట్టుకెళ్ళు. చీకటి పడేలోగా రావాలి. డబ్బులు పోతే పోనీ, నువ్వు క్షేమంగా ఉంటే చాలు. తలుపులమ్మ తల్లి చల్లగా చూడాలి.” వీటిలో జరిగింది ఒక్కటి లేదు. ఏమో, ఆలి, పోనీ: తెలుగు తల్లులు బతికేది సబ్జంక్టివ్‌లోనే. ఊరేగింపులో ‘వర్ధిల్లాలి’ అని అరుస్తాం. ‘వీవ్ లా ఫ్రాన్స్’లో వీవ్ సరిగ్గా అదే. వేదభాషలోనూ దీనికో లకారం ఉండేది, పేరు ‘లేట్’. పాణిని దాన్ని ఛందస్సుకే, అంటే వేదానికే, పరిమితం చేశాడు. లోకంలో పోయింది. మావాడికి ఇన్నాళ్ళకి ఫ్రెంచి వేషంలో ఎదురైంది. పేరుకి తగ్గట్టే లేటు.

పూర్వపక్షం: మరి ‘నువ్వు రావాలని కోరుకుంటున్నాను’ అంటే సబ్జంక్టివ్, ‘వస్తావని ఆశిస్తున్నాను’ అంటే కాదు. ఎందుకు? కోరికకీ ఆశకీ అంత తేడా ఉందా? ఇంకా ఘోరం, ‘వాన పడుతున్నా వెళ్ళాడు’ అన్న వాక్యం. ‘బియాఁ క’తో మొదలుపెడితే ఆ వానకి సబ్జంక్టివే. నెత్తి తడుస్తోంది, సందేహమెక్కడ?

సిద్ధాంతం: ఆశించేవాడు వస్తారనే అనుకుంటాడని మొదటిదానికి ఒక సమర్థన చెబుతారు. రెండోదానికి నేను ఒప్పుకునే సమర్థన ఎక్కడా దొరకలేదు. ఇలాంటిచోట మన వ్యాకర్తలు ‘బహుళము’ అని రాసి పక్క సూత్రానికి వెళ్ళిపోయారు. నేనూ వెళ్తున్నాను.

అసలు సొగసు ‘రాకముందు’ దగ్గరుంది. ‘వాన పడకముందే’ అన్న అర్థంలో ఫ్రెంచివాడు సబ్జంక్టివ్ పెట్టి, దానిముందు ఒక ‘న’ కూడా పెట్టగలడు. ఆ ‘న’కి కాదనే అర్థం లేదు. ఉంటే ఉంటుంది, లేకపోయినా తప్పు లేదు. మావాడు పడీపడీ నవ్వాడు. నవ్వకురా అన్నాను. వాన పడుతుందనే కదా మీ అమ్మ భయం, మరి ‘పడకముందే’ అని ఎందుకంటుంది? పడక అంటే పడకుండా అనేగా! తినకముందు, పడుకోకముందు, పరీక్ష రాయకముందు. జరగబోయేదాన్ని కాదంటూ చెప్పడం మనం రోజూ చేసే పనే. వాళ్ళకి ఆ ‘న’ ఐచ్ఛికం, మనకి నిత్యం. మావాడి నవ్వు ఆగింది. నోటుబుక్కులో రాసుకున్నాడు. ఈ టీకా మొత్తంలో వాడు రాసుకున్నది ఇదొక్కటే.

చారిత్రకం: 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులు ఫరాసులకి రాసిచ్చాడు. 1758 డిసెంబరు 7న చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ళ చేతిలో వాళ్ళు ఓడారు. ఆ రోజు గెలిచి ఉంటే మావాడికి ఈ క్లాసు ఫీజు తప్పేది. (‘గెలిచి ఉంటే’ చూసి ఇక్కడా సబ్జంక్టివ్ అనుకునేరు. ‘సి’ తరవాత అది రాదు. మన చేదర్థకం చూసి మోసపోయేచోటు ఇదే.) కాకినాడ దాటితే యానాం మాత్రం 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉంది. శారదా చట్టం తగలకుండా బాల్యవివాహాలు చెయ్యడానికి మన పెద్దలు బళ్ళు కట్టుకుని అక్కడికి వెళ్ళి, ఆ ఊరికి కల్యాణపురమని పేరు తెచ్చారు. ఫ్రెంచి చట్టం వాడుకున్నారు గానీ ఫ్రెంచి వ్యాకరణం ఒక్కరూ తెచ్చుకోలేదు.

ప్రయోగం: అన్ని క్రియలకీ పట్టిక బట్టీ పట్టక్కర్లేదు. ‘పార్లే’ లాంటి క్రియల్లో ఏకవచనం రెంటికీ ఒకేలా వినిపిస్తుంది కాబట్టి అక్కడ తప్పు చేద్దామన్నా కుదరదు. రోజువారీ మాటల్లో దొరికిపోయేది కొన్నిటి దగ్గరే. ఆయ్, ఫాస్, స్వా, సాష్, వియెన్: వెళ్ళు, చెయ్యి, ఉండు, తెలుసుకో, రా. మావాడు వీటిని జపంలా తిప్పుతున్నాడు. ‘స్వా’ అన్నప్పుడల్లా మా చెల్లెలు ‘హా’ అందిస్తోంది.

పరీక్ష హైదరాబాదులో. మా ఊరివాళ్ళం రైలెక్కేది తునిలో. ప్లాట్‌ఫాం మీద ఎవడైనా కళ్ళు మూసుకుని ఆయ్, ఫాస్, స్వా అనుకుంటూ కనిపిస్తే మావాడే. దయచేసి పలకరించకండి, మరిచిపోతాడు.