కడుపుతో ఉన్న టమాటా

2023 జూలైలో టమాటా కిలో వంద దాటినప్పుడు, రైతుబజారులో రాయితీ మీద 50కి ఇస్తున్నారంటే సంచీ పట్టుకుని క్యూలో నిలబడ్డవాళ్లలో నేనొకణ్ణి. ఇక టమాటా కొననని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. తీరా పటమటలో మా డాబా మీద నారు నాటేనాటికి రెండేళ్లు గడిచి, ధర పాతిక్కి దిగొచ్చింది. సంచీ, మట్టి, వర్మీ కంపోస్టు, వేపపిండి అన్నీ కలిపి 640 రూపాయలు. చెట్టు ఒకటి, కాయలు రెండు.

సంక్రాంతి వెళ్లగానే ఆకులు నూనెలో పడ్డ అప్పడాల్లా ముడుచుకుని, అంచులు పసుపు తిరిగాయి. కొమ్మ తడితే విభూది రాలినట్టు తెల్లటి దోమలు లేచాయి. కంకిపాడులో కూరగాయలు పండించే మా బావమరిదికి ఫొటో పంపాను.

"ఆకుముడత వైరస్సు బావా. పీకెయ్."

"మందు లేదా?"

"మందు దోమకి. చెట్టుకి లేదు. ఉంచావంటే ఆ తెల్లదోమే పక్క చెట్టుకి అంటిచ్చుద్ది."

మూడెకరాల రైతు మూడు ముక్కల్లో తేల్చేశాడు. ఒక్క చెట్టు రైతుకి అంత తేలికా?

అమ్మ పైకొచ్చి కాయలు చూసింది. "కడుపుతో ఉన్నదాన్ని పీకుతావట్రా?" అంది. ఆవిడ టమాటాని ఇప్పటికీ రామ్ములక్కాయ అనే అంటుంది. రాముడి పేరున్నదాని మీద చెయ్యెలా వేస్తాం? పుల్లమజ్జిగ చల్లమంది. మూడ్రోజులు చల్లాను. నాలుగో రోజు భోజనంలో నాకు మజ్జిగ రాలేదు. తర్వాత లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె. తర్వాత పసుపు జిగురట్ట. దానికి దోమలకంటే నా జుట్టే ఎక్కువ అంటుకుంది, ఉన్నదే కాస్త.

చివరికి మా ఆవిడ పైకొచ్చి రెండు కాయలూ తుంచి కొంగులో వేసుకుంది.

"పురుడు పోశానండీ. ఇక మీ ఇష్టం."

మర్నాడు తెల్లారుజామున, చలికి దోమ బద్ధకంగా ఉండగానే, బావమరిది చెప్పినట్టు చెట్టుకి ముందు కవరు తొడిగి, వేళ్లతో సహా లాగేశాను. ఆ వైరస్సు మనుషులకి అంటదు కాబట్టి కాయలు పచ్చడైపోయాయి. రాత్రంతా ముభావంగా ఉన్న అమ్మ వేలితో నాకి చూసి, "ఉప్పు చాల్లేదు" అంది.

వారం తిరక్కుండా పక్కనే ఉన్న మిరప ఆకు ముడిచింది. మళ్లీ ఫోను.

"ఎటు ముడిచింది బావా? పైకైతే తామర పురుగు, కిందకైతే నల్లి."

కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఒకటి పైకుంది, ఒకటి కిందకుంది.

"పూత మీదుందట్రా?" మెట్లెక్కుతూ అమ్మ అడుగుతోంది.