గడ్డం వదులు గురూ!

నిన్నగాక మొన్న ఈఎంఐలో కెమెరా కొన్న కుర్రాడు ఇవాళ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర పెద్ద డైరెక్టరు. మోడల్ పేరైనా అడక్కుండానే ‘బేబీ, కాస్త ఇటు’ మొదలు. చెప్పడం చేతకాక చెయ్యి ముందుకొస్తుంది. సెలూన్‌లో తల తిప్పినట్టు గడ్డం పట్టి తిప్పేస్తాడు, జుట్టు సర్దేస్తాడు. ‘సర్దనా?’ అని అడిగితే అరిగిపోతాడు కాబోలు!

24 ఎంఎం లెన్సుతో మొహంలో మొహం పెట్టి తీస్తాడు. ముక్కు ఇంత లావున వస్తే, ‘మేడమ్ ఫొటోజెనిక్ కాదు’ అని తీర్పు! 85 ఎంఎం తగిలించి నాలుగడుగులు వెనక్కి జరిగితే ముక్కూ దక్కేది, మర్యాదా దక్కేది.

‘బరువు వెనక కాలిమీద వేయండి, గడ్డం కొంచెం ముందుకు తెచ్చి దించండి’ అంటూ తానే నిలబడి చూపిస్తే క్షణం పని. చూపించడానికి సిగ్గట బాబుకి! ఆమెను నడుం వంచమనడానికి మాత్రం ఆ సిగ్గు అడ్డురాదు.

తోడొచ్చిన అక్కను ‘మీరుంటే ఎక్స్‌ప్రెషన్ రావట్లేదండీ, టీ తాగి రండి’ అన్నాడు. ఆవిడ రిఫ్లెక్టర్ అందుకుని అక్కడే నిలబడింది. ఎక్స్‌ప్రెషన్ వచ్చింది, కుర్రాడి మొహంలో.